పుణ్యం పక్కింటికి, రెట్ట మా ఇంటికి

పావురాన్ని శాంతికి గుర్తుగా మొదట గీసినవాడెవడో నాకు తెలియదు. వాడికి సొంత ఇల్లు గానీ అద్దె ఇల్లు గానీ ఉండి ఉండదని మాత్రం నా గట్టి నమ్మకం. ఆ రోజుల్లో శాంతి సభల గోడపత్రికల మీద తెల్ల పావురం ఒకటి నోట కొమ్మ కరుచుకుని ఎగురుతూ ఉండేది. ఆత్మకూరు బజారులో దాన్ని చూసినప్పుడల్లా నా చెయ్యి దానంతటదే భుజం దులిపేది. ఆ ఏడాది మా ఇంట్లోంచి భుజం దులుపుకోకుండా వీధిలోకి వచ్చే వీలు ఉండేది కాదు.

మాది ఉదయగిరి. నా చిన్నతనంలో అక్కడ పావురాలు కొండ మీద పాడుపడ్డ కోటలో ఉండేవి, మనుషులు కొండ కింద ఊళ్ళో ఉండేవారు. ఆ ఏర్పాటులో నాకు ఏ లోపమూ కనిపించలేదు. పొద్దున్నే గుంపుగా దిగి చేల మీద వాలేవి, సాయంత్రానికి తిరిగి కొండెక్కేవి. రాజులు కట్టించిన మంటపాలకు ఇంతకంటే మంచి వినియోగం లేదని నేను వ్యాసం కూడా రాశాను. పావురాల పట్ల నాకు ఉన్న సద్భావమంతా ఆ వ్యాసంతోనే ఖర్చయిపోయింది.

ఆంధ్రరాష్ట్రం వచ్చిన ఏడాది ఆత్మకూరులో బడిపంతులుగా చేరి, బజారు వెనక వీధిలో ఒక పాత మిద్దె ఇల్లు అద్దెకు తీసుకున్నాను. లావుపాటి దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలనే సన్నవాసాలు, పైన ఇటుకా సున్నమూ. దూలాలు గోడలో దిగిన చోటల్లా చెయ్యి పట్టేంత కన్నం. వెలుతురు కోసం నడిమి గదికి గవాక్షం ఒకటి పెట్టారు. దానికి ఒకప్పుడు ఉన్న కమ్మీలు ఎప్పుడో ఊడిపోయాయి. ఆ దారిన వెలుతురు తక్కువ, పావురాలు ఎక్కువ వచ్చేవి. ప్రతి కన్నంలో ఒక కాపురం. కింద మేమిద్దరం అద్దె కట్టేవాళ్ళం, పైన అవి ఊరికే ఉండేవి.

ఇంటి ఆసామి అనంతసాగరంలో సేద్యం చేసుకునే రైతు. ఆయన ఊళ్ళోకి వచ్చినప్పుడు పైకి చూపించాను. ఆయన తల వెనక్కి వంచి చాలాసేపు చూసి, "గొడ్లయితే మేతెయ్యాల. ఇవి వాటి తిండి అవే చూసుకుంటన్నాయి. మీకేంది బాధ అయ్యోరా?" అన్నాడు.

బాధ ఏమిటో చెబుతాను. అన్నం తినే కంచం మీద ఇంకో కంచం బోర్లించుకుని తినేవాళ్ళం. నీళ్ళ కుండకు మూత, మూత మీద గుడ్డ. పరుపు మీద దుప్పటి తీస్తే ఈకలు. అదంతా ఓర్చుకున్నాం. కానీ గూళ్ళలోంచి పేను రాలడం మొదలైంది. కంటికి ఆనీ ఆనని ఎర్రటి పురుగు. నా భార్య అప్పుడు నిండు చూలాలు. మెడ మీదా చేతుల మీదా దద్దుర్లు లేచి, నిద్ర లేక గోడకానుకుని కూర్చునేది. కాన్పుకు పుట్టింటికి, చేజర్లకు, బయలుదేరిన రోజు బండెక్కి కూర్చుని నాతో అన్న మాట ఇదీ:

"ఆ గదిలో పావురమున్నన్నాళ్ళు నా బిడ్డ ఆ గడప తొక్కదు. మీరు వాటిని తోలతారో, అవే మిమ్మల్ని తోలతాయో, నేనొచ్చేలోగా తేల్చుకోండి."

ఆడపిల్ల పుట్టింది. అయిదో నెలలో తీసుకురావాలని పెద్దల నిర్ణయం. అంటే నా కూతురు నా ఇంటికి రావడానికీ రాకపోవడానికీ మధ్య ఉన్నది ఆ పక్షులు మాత్రమే.

అవి మా ఇంట్లోనే ఎందుకు చేరాయో కనిపెట్టడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. మా పక్క మిద్దె ఒక శెట్టిగారిది. బజారులో చింతపండు, మిరపకాయల టోకు వ్యాపారం. వాళ్ళ నాయన పోయిన నాటి నుంచి, ఆయన పేరు మీద, రోజూ పొద్దున స్నానం కాగానే పావురాలకు గింజలు వేసే ఆచారం ఆ ఇంట్లో ఉంది. శెట్టిగారి తల్లి, నడుము వంగిన ముసలమ్మ, చాటలో సజ్జలూ నూకలూ పట్టుకుని మెట్టుమెట్టుకూ ఆగుతూ మిద్దెక్కి "బా... బా..." అని పిలిచేది. ఊళ్ళోని పావురాలన్నీ ఆ పిలుపు విని వాలేవి. గింజ మిగలకుండా తిని, పిట్టగోడ దాటి మా కన్నాల్లోకి వచ్చి అరిగించుకునేవి. పుణ్యం వాళ్ళ ఇంట్లో జమ అయ్యేది, రెట్ట మా ఇంట్లో పడేది.

మా వీధి పురోహితుడు ఒకరోజు నన్ను ఆపి, ఇంట్లో పావురం గూడు కట్టడం మహాదోషమనీ, కపోతశాంతి చేయించకపోతే పసిబిడ్డకు మంచిది కాదనీ చెప్పాడు. శెట్టిగారి ఇంట్లో తద్దినం పెట్టించేది ఈయనే. పావురానికి గింజ వేస్తే పితృదేవతలు తృప్తిపడతారని వాళ్ళకు చెప్పిందీ ఈయనే.

"పిట్టగోడకు అటుపక్క పుణ్యం, ఇటుపక్క దోషమా స్వామీ? గోడ మీద కూర్చుంటే ఏమవుతుంది?" అని అడిగాను.

"మీతో మాట్లాడకూడదు నాయనా," అని ఆయన గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు. వాదంలో గెలిచాను. తలెత్తి చూస్తే పావురాలు అలాగే ఉన్నాయి.

తుమ్మకంప కొట్టించి మిద్దె మీద, గవాక్షం చుట్టూ పరిపించాను. పావురాలు దాంట్లోంచి సన్న పుల్లలు ఏరుకుని కొత్త గూళ్ళు కట్టుకున్నాయి. ఖాళీ కిరసనాయిలు డబ్బాను దూలానికి వేలాడదీసి తాడు కట్టి, కుర్చీలో కూర్చుని చదువుకుంటూ చప్పుడయ్యేలా లాగేవాణ్ణి. రెండు రోజులు బెదిరాయి. మూడో రోజు ఒకటి వచ్చి డబ్బా మీద కూర్చుంది. నా పాత చొక్కా, టోపీ తొడిగి మిద్దె మీద ఒక బొమ్మను నిలబెడితే, మా వీధిలో వాళ్ళు కింద నుంచి దానికి నమస్కారం పెట్టడమే తప్ప ఇంకేమీ జరగలేదు.

ఇక మిగిలింది కన్నాలు మూసెయ్యడం. బేల్దారిని పిలిచాను. తాపీ పనిలో చెయ్యి తిరిగినవాడు, శుక్రవారం శుక్రవారం అనుమసముద్రంపేట దర్గాకు వెళ్ళివచ్చే సాయిబు. నిచ్చెనెక్కి కన్నంలో చెయ్యి పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకుని దిగాడు.

"గుడ్లుండాయి అయ్యోరా."

"ఉంటే?"

"మూసేస్తే ప్రాణమున్నదాన్ని గోడలో పూడ్చినట్టు. నా చేత్తో చెయ్యను. పిల్లలు లేచి ఎగిరిపోయినాక పిలవండి, వస్తాను."

సరే అని ఆగాను. పిల్లలు లేచాయి, ఎగిరాయి. బేల్దారి వచ్చాడు. నిచ్చెనెక్కాడు. దిగాడు.

"ఇప్పుడేంది?"

"ఆ కన్నం కాళీ. పక్కదాంట్లో కొత్తగా పెట్టినాయి."

"ఖాళీగా ఉన్నదాన్నన్నా మూయవయ్యా!"

"మూసేసే దిగినా. ఆ పిట్ట అవతల కన్నంలో ఇంకోదానితో సర్దుకునింది చూడండి."

పావురం ఏడాది పొడుగునా గుడ్లు పెడుతుందనే సంగతి నాకు ఆనాడు పూర్తిగా బోధపడింది. కన్నాలన్నీ ఒకేసారి ఖాళీ అయ్యే రోజు ఏ పంచాంగంలోనూ రాదు. ఇంకో బేల్దారిని చూద్దామని నలుగురిని అడిగాను. ఆ సాయిబు కాదన్న పని మేం ముట్టుకోమన్నారు అందరూ. కావాలంటే నేనే సున్నం కలుపుకుని నిచ్చెన ఎక్కవచ్చు. ఎక్కాను కూడా. కన్నంలో ఇంకా ఈకలు సరిగా రాని పిల్ల ఒకటి నోరు తెరిచి నా వైపు చూసింది. తాపీ చేత్తో పట్టుకుని దిగివచ్చాను. అది దయ అని ఎవరన్నా అంటే ఒప్పుకోను. వాసన భరించలేకపోయాను.

అసలు దోషం గింజల దగ్గర ఉంది కనుక అక్కడే కొట్టాలనుకున్నాను. మేము చర్చా సమావేశాల్లో పెరిగినవాళ్ళం. ఏ విషయమైనా వేదిక మీద పెట్టి, అటూ ఇటూ వాదించి, తేలిన దాన్ని ఆచరించాలని మా నమ్మకం. విధవా వివాహమైనా, సహపంక్తి భోజనమైనా అలాగే తేల్చాం. పావురాలనూ అలాగే తేలుద్దామని మా పఠనాలయంలో సభ పెట్టించాను. "పక్షులకు ధాన్యం వెదజల్లుట పుణ్యకార్యమా?" అనేది విషయం. శెట్టిగారిని నేనే వెళ్ళి పిలిచాను. సరదాగా ఒప్పుకున్నాడు. ఆయన వేదిక ఎక్కడం అదే మొదలు. అందుకే నాకు ధైర్యం ఎక్కువైంది.

నేను బాగా మాట్లాడాను. వాన లేక మెట్ట పొలాలు బీడుపడి జనం గంజికి ముఖం వాచి ఉంటే, మిద్దె మీద గింజలు చల్లడం ధర్మమా అన్నాను. చచ్చినవాళ్ళ ఆకలి తీర్చడానికి బతికున్నవాళ్ళ నోటి దగ్గరిది తీసి పక్షుల పాలు చెయ్యడం ఏం వివేకమన్నాను. చప్పట్లు గట్టిగా మోగాయి. శెట్టిగారు కండువా సర్దుకుని లేచాడు.

"నేను చదువుకున్నోణ్ణి కాదు. అయ్యోరు పోయిన ఏడు జాతరలో పొట్టేళ్ళను కొయ్యబోతే అడ్డం పడుకున్నాడు. గుర్తుండాదా మీకు?"

"ఉండాది!" అన్నారు వెనక నుంచి.

"నోరులేని జీవిని మన నమ్మకం కోసం చంపే హక్కు మనకెవరిచ్చినారని అడిగినాడు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. ఆ యేడు మా ఇంట్లో మొక్కు మానుకున్నాం. అవునా కాదా అయ్యోరా?"

"అవును. కానీ..."

"ఇప్పుడు ఆ అయ్యోరే గుడ్ల మీద సున్నం కొట్టమని బేల్దారిని తరుముకుంటా తిరగతన్నాడంట. పొట్టేలు ప్రాణం ప్రాణమేనంట, పావురంది కాదంట. నేనడిగేది ఇదొక్కటే. పొట్టేలుకి కొమ్ములుండాయనా?"

పఠనాలయం పైకప్పు లేచిపోయేంత నవ్వారు. చంపడం వేరు, తోలడం వేరు అని నేను లేచి ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. "తోలండయ్యా, ఎవరొద్దన్నారు? మా మిద్దె మీద నుంచి కూడా తోలుకోండి," అన్నాడు శెట్టి. అధ్యక్షుడు గంట కొట్టి, సభ ముగిసిందన్నాడు. మర్నాటి నుంచి మా వీధిలో ఇంకో ఇద్దరు తమ మిద్దెల మీద గింజలు వేయడం మొదలుపెట్టారు. అంత జీవకారుణ్యం మా ఆత్మకూరులో ఉందని అంతకు ముందు నాకు తెలియదు. నాకు అద్దె ఇల్లు కావలసివచ్చినప్పుడు అది కనబడలేదు.

ఇంకో ఇల్లు చూశాను. దొరకలేదు. బడి పిల్లలకు పాఠం చెబుతూ కూడా పైకప్పు వైపు చూసే అలవాటు పట్టుకుంది. చేజర్లకు వెళ్ళి, ఇంకో నెల ఆగమని చెప్పి రావాలని నేను ఆలోచిస్తున్న రోజునే ఇంటి ముందు బండి ఆగింది. మూఢం వస్తోందనీ, ఆ తర్వాత మూడు నెలల దాకా మంచి రోజు లేదనీ మా అత్తగారు తొందరపెట్టి తీసుకువచ్చేశారు. మూఢనమ్మకాల మీద నేను అప్పటికి రాసినదంతా ఒక్కసారిగా నెత్తిన పడ్డట్టయింది.

నా భార్య బిడ్డను భుజాన వేసుకుని గడప బయటే నిలబడి, లోపలికి తొంగి, పైకి చూసింది. పావురాలు గుర్రుగుర్రుమన్నాయి.

"తోలలేదు," అంది.

కంప, డబ్బా, బొమ్మ, బేల్దారి, సభ, అన్నీ చెప్పాను. సభలో నా వాదాన్ని కొంచెం విపులంగానే చెప్పాను.

"శెట్టితో వాదించినారు. గింజలేసేది ఎవరు?"

"వాళ్ళమ్మ."

"ఆమెతో ఏమన్నారు?"

"ఆమెతో ఏం మాట్లాడతాం? ముసలావిడ. సభకు రాదు కదా."

"ఆడవాళ్ళ హక్కుల మీద అంత లావు పుస్తకం రాసినారు. గోడ అవతలున్న అవ్వను ఒక్కనాడు పలకరించలేదు!" అని, మా అత్తగారిని వీధి అరుగు మీదే కూర్చోబెట్టి, బిడ్డను ఎత్తుకుని నేరుగా పక్కింట్లోకి వెళ్ళింది.

నేను మిద్దెక్కి పిట్టగోడ దగ్గర నిలబడ్డాను. వాళ్ళ మాటలు పైకి వినిపించాయి. అవ్వ ముందు బిడ్డను చేతుల్లోకి తీసుకుంది. ముక్కు ఎవరిది, రంగు ఎవరిది, పాలు చాలుతున్నాయా అని చాలా సాగింది. నాకు ఓపిక నశించింది. చివరికి నా భార్య అసలు మాటకు వచ్చింది.

"అవ్వా, పిట్టలకు తిండి నువ్వు పెడతన్నావు. ఇల్లు నేను పెడతన్నా. చూడు నా మెడ, పేను కుట్టి మచ్చలింకా పోలేదు. ఈ పిల్లదాన్ని వాటి కింద యాడ పడుకోబెట్టేది?"

"అయ్యో తల్లీ! నాకెవరూ చెప్పలేదే! మీ ఆయన రోజూ గోడ మీద నుంచి నన్ను గుడ్లురిమి చూసేవాడు గానీ నోరు తెరవలేదు. ఏదో చదువుకునే బాధ అనుకున్నా."

"వేసే చెయ్యి ఆపమని నేననను. మీ పెద్దాయన పేరు మీద వేస్తన్నావు. కానీ తిండీ ఇల్లూ రెండూ నువ్వే పెట్టవ్వా. పుణ్యం సగం సగం ఎందుకు?"

అవ్వ బిడ్డను తిరిగి నా భార్య చేతికిచ్చింది. తర్వాత "మా అటక మీద పాత కుండలుండాయి, పచ్చళ్ళకు పనికిరానివి," అంది.

బేల్దారికి కబురు వెళ్ళింది. గుడ్లను పూడ్చడం కాదు, గూడుతో సహా ఎత్తి అవతల పెట్టడం అని చెప్పగానే, నెలల తరబడి నన్ను తిప్పిన మనిషి అన్నం తింటున్నవాడు చెయ్యి కడుక్కుని వచ్చాడు. తల్లి పక్షి కొత్త చోటికి రాకపోవచ్చునని నేను ఒక పుస్తకంలో చదివిన మాట చెప్పబోయాను. "నిచ్చెన పట్టుకోండి," అంది నా భార్య. పట్టుకున్నాను. బేల్దారి ఒక్కొక్క గూడూ ఈకలతో, పుల్లలతో, గుడ్లతో, నోరు తెరిచిన పిల్లలతో కిందికి అందించాడు. నా తల మీద ఏమేం రాలాయో రాయను. నా భార్య గంపలో పెట్టుకుని మిద్దె మీదికి మోసింది. అవతల అవ్వ కుండలను పిట్టగోడ వారగా అడ్డంగా పేర్పించి, ఒక్కొక్క గూటినీ రెండు చేతులా అందుకుని లోపల పెట్టింది. పావురాలు పైన గోల చేస్తూ తిరిగాయి. అరుగు మీద బిడ్డను ఒళ్ళో పెట్టుకుని మా అత్తగారు "వర్జ్యం వస్తన్నాది, బిడ్డను లోపలికి తీసుకుపోండి" అని అరుస్తూనే ఉన్నారు.

సాయంత్రం కొట్టు కట్టేసి వచ్చిన శెట్టిగారు మిద్దెక్కి ఒక్క కేక పెట్టాడు.

"ఏందమ్మా ఇదంతా? మిరపకాయలు ఆరబోసుకునే మిద్దె ఇది! సరుకంతా రెట్ట అయితే ఎవరు కొంటారు?"

నేను పిట్టగోడ ఇవతల సిద్ధంగా ఉన్నాను. పఠనాలయంలో నాకు చెప్పనివ్వని మాటలన్నీ నాలిక మీద ఉన్నాయి. కొమ్ముల సంగతి కూడా తిరిగి అడగాలనుకున్నాను. నాకు ఆ అవకాశం రాలేదు.

"మిరపకాయలు కింద ఆరబోసుకోరా," అంది అవ్వ.

"కింద ఎండ యాడుందమ్మా?"

"మీ నాయన పేరు మీద పదేళ్ళ నుంచి వేస్తన్నా. రోజుకు దోసెడు గింజలతో తీరిపోతాదనుకున్నావా? ఆ పిల్ల తల్లి మెడ చూడు పో. నా పుణ్యం ఆమె మీద రాలిందంట ఇన్నాళ్ళూ. ఇంక నా మిద్దె మీదనే రాలనీ."

శెట్టిగారు నా వైపు తిరిగాడు. "ఏందయ్యోరా, చూస్తా ఉండావు? నువ్వన్నా చెప్పకూడదా, గింజలెయ్యడం మూఢనమ్మకమని?"

అన్నాడు. నిజంగా ఆ మాట అన్నాడు. నా జీవితంలో నేను ఎందరినో ఒప్పించడానికి ప్రయత్నించాను. నా వాదాన్ని నా చేతే మళ్ళీ చెప్పించుకోవాలని కోరిన ఒకే ఒక మనిషి ఆయన. చెప్పడానికి నోరు తెరిచాను. కింద నుంచి నా భార్య "ఏమండీ!" అని పిలిచింది. ఆ పిలుపులో వంద ఉపన్యాసాలు ఉన్నాయి. దిగిపోయాను.

ఖాళీ కన్నాలన్నిటినీ బేల్దారి మర్నాడు ఇటుక ముక్కలతో, సున్నంతో మూసేశాడు. గవాక్షానికి తీగ వల బిగించాడు. గది కడిగి, వేపాకు పొగ వేసి, వెల్ల వేశాం. అప్పుడు నా భార్య బిడ్డను తీసుకుని గది గడప దాటింది. దూలానికి ఉయ్యాల కట్టాం. కుండల్లో పెట్టిన గూళ్ళకు కొన్ని తల్లులు వచ్చాయి, కొన్ని రాలేదు. రాని వాటి పిల్లల నోట్లో అవ్వ నానబెట్టిన సజ్జలు వేలితో పెట్టడం నేను చూశాను. ఆవిడ నమ్మకంలోని తప్పును నేను ఈనాటికీ ఒప్పుకోను. కానీ ఆ వీధిలో జీవకారుణ్యం మాట్లాడిన మగవాళ్ళం ఇంతమంది ఉండగా, రెట్ట కడుక్కున్నది ఆవిడ ఒక్కతే.

గది నిశ్శబ్దమైంది. ఎన్ని నెలల తర్వాతో భుజం దులుపుకోకుండా పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. బిడ్డ నిద్రపోలేదు. ఉయ్యాల ఊపినా, పాలిచ్చినా, మా అత్తగారు దిష్టి తీసినా ఏడుపు ఆపలేదు. నా భార్య పెరటి వైపు కిటికీ తలుపు తీసింది. గోడ అవతల కుండల్లోంచి గుర్రుగుర్రుమనే చప్పుడు వచ్చింది. బిడ్డ ఏడుపు ఆపి, అటు తల తిప్పి, పెదాలు ముడిచి, ఊఁ ఊఁ అంది. ఆ తర్వాత నవ్వింది.

"చూడండి, మాట్లాడతన్నాది వాటితో!" అని నా భార్య మురిసిపోయింది. "ఆ కిటికీ ఇంక ముయ్యొద్దు."

"ఈకలు లోపలికి వస్తాయి," అన్నాను.

"వస్తే దులుపుకోండి. మీకు అలవాటే గదా!"